ఒక్క ముక్క

శ్రీమన్నారాయణ కూతురి కాలు తొక్కాడు. మెల్లగా కాదు, గట్టిగానే తొక్కాడు. అయినా ధనశ్రీ నోరు ఆగలేదు.

"నేను క్రిస్టియన్నండి."

వినుకొండ తహసీల్దారు ఆఫీసులో ఆ ముక్క ఎవరూ అడగలేదు. "హిందువులేగా?" అని డిప్యూటీ తహసీల్దారు మాటవరసకి అన్నాడు, అంతే. "అవునండి, అవునండి" అని శ్రీమన్నారాయణ తల ఊపేశాడు కూడా. సంతకం పెట్టబోతున్న పెన్ను గాల్లో ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"బాప్తిస్మం తీసుకున్నానండి. అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరలేను."

"అట్టయితే ఎస్సీ సర్టిఫికెట్ రాదు. బీసీ-సీ అని రాస్తాం. నీకు టీచరు పోస్టొచ్చింది ఎస్సీ కోటాలోగా? రేపు వెరిఫికేషన్లో ఎగిరిపోద్ది. తెలుసా?"

"తెలుసండి."

తెలుసట! శ్రీమన్నారాయణకి ఒళ్లు మండిపోయింది. చేతులు జోడించాడు.

"చిన్నపిల్ల సార్. ఏదో భక్తి పిచ్చి. మీరేం పట్టించుకోమాకండి, రాసెయ్యండి."

"చెవులారా విన్నాక ఎట్టా రాస్తానయ్యా? రేపు నా ఉద్యోగానికొస్తది." కాయితం పక్కన పెట్టేశాడు. ఆయనకీ జాలేసింది. "ఇంతకీ ఎవరిచ్చారమ్మా నీకు బాప్తిస్మం? ఏ పాస్టరు?"

ధనశ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇందాకటిదాకా ఆగని నోరు ఈ ప్రశ్నకి మాత్రం పెగల్లేదు.

"ఎవడోగానీ, బంగారంలాంటి పిల్ల జీవితం పాడుచేశాడు."

"అదేగదండీ," అన్నాడు శ్రీమన్నారాయణ.

బండి మీద దారంతా తిట్లే. రోడ్డు వెంబడి కళ్లాల్లో ఎండుమిర్చి ఆరబోసి ఉంది. ఆ ఘాటుకి తుమ్ముతూ తిట్టాడు, తిడుతూ తుమ్మాడు.

"మందిరంలో విన్నది మందిరంలోనే వదిలేసి రావాలి! ఆఫీసులకి మోసుకుపోతారంటే ఎవరైనా? ఊళ్లో ఎంతమంది లేరు, గుళ్లో ఒక పేరు, కాయితంలో ఒక పేరు? వాళ్లంతా ఎర్రోళ్లు, నువ్వొక్కదానివే భక్తురాలివా?"

"ఆదివారం చెప్పిందేగా నాన్నా నేను చేసింది."

"మైకు ముందు సవాలక్ష చెబుతారు! అవన్నీ పట్టుకుని కూర్చుంటే నోట్లోకి ముద్ద ఎట్టా పోద్దే?"

ధనశ్రీ తండ్రి వీపుకి మొహం ఆనించుకుంది. ఏడుస్తోందని చొక్కా వీపున తడిసేదాకా ఆయనకి తెలియలేదు. తెలిశాక ఇంకా కోపమొచ్చింది.

ఇంటి దగ్గర వెంకటేశ్వరమ్మ అప్పుడే మిరప కోత నుంచి వచ్చి, మండుతున్న చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంది.

"కాయితం ఇచ్చారా?"

"ఇచ్చేవాళ్లే. నీ కూతురే వద్దంది."

సంగతంతా విని ఆవిడ గిన్నె పక్కకి తోసేసింది. మజ్జిగ నేలపాలైంది.

"ఈ చేతులు చూడవే! నీకు ఉద్యోగమొస్తే ఈ మంట తప్పుద్దనుకున్నానే! నిన్ను చదివించడానికేగా ఎండనక, వాననక పడి చచ్చింది? నిజం చెప్పేదానివి, ఉద్యోగంలో చేరాక చెప్పగూడదంటే? అసలు ఎవరు నేర్పారే నీకు ఇట్టాంటి బుద్ధులు?"

అరిచి అరిచి, మొగుడి వంక చూసి, ఠక్కున నోరు మూసుకుంది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

వెరిఫికేషన్ రోజు వెళ్లిపోయింది. ఆదివారం వచ్చింది.

ధనశ్రీ ఎప్పటిలాగే మందిరంలో ముందు చాప మీద కూర్చుంది. పాటలు అయిపోయాయి. సంఘపెద్ద లేచి, మైకు టకటకమని తట్టి చూశాడు.

"ఇప్పుడు మన పాస్టర్ జక్రయ్యగారు వాక్యం చెబుతారు. పోయిన వారం మొదలుపెట్టిన అంశమే, మనుషుల ముందు దేవుణ్ని ఒప్పుకోవడం."

తెల్లజుబ్బా సర్దుకుంటూ, ముందు చాప వైపు చూడకుండా, శ్రీమన్నారాయణ లేచి మైకు దగ్గరికి నడిచాడు.