వంట చీర

స్వర్ణకుమారి సింగపూరు ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే, భర్త తీతు సైకిలు దిగకుండానే గుమ్మంలోంచి కేకేశాడు.

"ఏమే, అక్కడ సుట్టాలు దొరికినారే! మా సిన్నాన్న కూతురు కాపరం సింగపూర్లోనేనట. ఇంక ఓటలెందుకు? ఆళ్ళింట్లోనే దిగుదాం. బూతు నుంచి ఫోను కూడా సేసేసినాను."

"ఎంతమంది ఆళ్ళు?"

"ఏడుగురు. మన సేపల పులుసు తిని ఏళ్ళయిపోనాదట!"

స్వర్ణకుమారి పెట్టెలోంచి గోల్‌బజార్‌లో కొన్న కొత్త షిఫాన్ చీర తీసి బీరువాలో పెట్టేసింది. దండెం మీది పసుపు మరకల పాత చీర తెచ్చి పెట్టెలో కుక్కింది.

"ఆ వంట చీరెందుకే?"

"రైల్వే పాసు మీద ఏ ఊరెల్లినా సుట్టాలింట్లోనే కదా దిగినాం. ఎక్కడైనా ఇదే కట్టినాను. పూరీలో సముద్రం ఎలాగుందో మీరొచ్చి సెప్తే విన్నాను."

తీతు హ్యాండిల్ మీది గంటను ఊరికే రెండుసార్లు నొక్కాడు. తర్వాత సైకిలు వెనక్కి తిప్పాడు.

"మళ్ళీ ఎక్కడికి?"

"బూతుకి. ఓటల్లోనే దిగుతామని సెప్పేసొస్తాను."

అతను తిరిగొచ్చేదాకా స్వర్ణకుమారి ఆ పాత చీరను పెట్టెలోంచి తీయలేదు.