పొయ్యిగట్టు జాతకం

ఫోన్ ఆనిస్తే చాలు, రాతిలోని సిలికాన్‌నూ లోహాలనూ రుచి చూసి, అది ఎక్కడ ఎట్లా పుట్టిందో ఫోనే చెప్పేసే రోజులొచ్చాయి. అప్పటినుంచి కదిరిలో జాతకం చూడకుండా ఎవరూ ఇంట్లోకి రాయి తేవడం లేదు. పొయ్యిగట్టుకని వనజమ్మ తన కోడలు జాహ్నవిని వెంటేసుకుని బండల అంగళ్లన్నీ తిరిగింది. నేల చీలినచోట పుట్టిన రాయి పెడితే కాపురం చీలుతుందని నల్లబండ వద్దనేసింది. చివరికి ఒక గులాబీరంగు బండకు జాహ్నవి ఫోన్ ఆనించింది.

"రెండు వందల యాభై కోట్ల ఏళ్లనాటి అగ్నిపర్వతపు రాయి," అంది ఫోన్. "రెండు భూఫలకాలు ఢీకొని, ఒకటి రెండోదాని కిందికి దూరినప్పుడు పుట్టింది."

వనజమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఇదే కావాల. ఇంట్లో ఎవరు ఎవరి కింద అణిగుండాలో ఈ బండే చెప్తాది," అంటూ కోడలివైపు ఓరగా చూసింది.

జాహ్నవి కొత్త గట్టు మీద పాలు పొంగించిన రోజు, చుట్టాలందరి ముందూ తీరిగ్గా ఫోన్‌ను అడిగింది, కిందికి పోయిన ఫలకం ఏదని.

"పాతది. బరువెక్కిన ముసలి ఫలకమే కిందికి జారుతుంది."

చుట్టాలు పాలగ్లాసుల్లోకి చూస్తూ నవ్వాపుకున్నారు.

"కిందికి పోయి ఏం చేసిందో కూడా అడుగు," అంది వనజమ్మ నింపాదిగా.

"దానిలోని నీరు పైకి ఎగజిమ్మి, పైనున్న రాతినంతా కరిగించింది. అక్కడి అగ్నిపర్వతాలన్నీ అట్లా లేచినవే."

వనజమ్మ గరిటె కోడలి చేతికిచ్చింది. "నువ్వు పైనే ఉండు తల్లీ. నేను కిందనుంచే చూసుకుంటాలే."