కొండాపురంలో రెండు సెంట్ల వాన

"నడివేసవిలో వానెక్కడిదయ్యా?" శ్రీపతి పుస్తకాన్ని దావూద్ ముఖం మీద ఆడించాడు. "నెలంతా రోజుకు రెండు సెంట్లు! పక్కన జమ్మలమడుగులో చుక్క లేదు. మంచంలో పడుకుని రాశావా?"

"లేదు సార్. గేజీలో ఉండేదే రాసినా. నాకూ అర్థం కాల్యా."

పెన్న మీద ఆనకట్ట కట్టొచ్చో లేదో తేల్చడానికి ఢిల్లీ నీళ్లాఫీసు వాళ్లు ఊరూరా వానను కొలిపిస్తున్నారు. కొండాపురంలో ఆ పని దూదేకుల దావూద్‌కిచ్చి, వాళ్ల పెరట్లోనే గేజీ నాటారు. పైన ఇత్తడి గరాటు, కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదింటికి సీసాలో నీళ్లు సెంట్లలో, అంటే అంగుళంలో నూరో వంతుల్లో, కొలిచి రాయాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈలోగా ఆ ఆఫీసు ఇంజనీరు శ్రీపతి తనిఖీకని పొద్దున రైలు దిగి, ముఖమైనా కడుక్కోకుండా వచ్చి గేజీ పక్కనే కూర్చున్నాడు.

తలుపు చాటున దావూద్ తల్లి మాబున్ని అంతా వింటోంది. గేజీ నాటిన నాటి నుంచీ ఆమెకు కునుకు లేదు. పిడుగు పడుతుందేమో, మేక పొడుస్తుందేమో, వాన రాకపోతే కొడుకుదే తప్పంటారేమో! ఇప్పుడైతే మనసులోనే కొడుకును కడప జైలుకు పంపేసి, అక్కడి సంగటి వాడి కడుపుకు పడుతుందో లేదోనని దిగులు పడే దాకా వెళ్లింది. ఉండబట్టలేక బయటికొచ్చింది.

"సారూ, మావోడు అబద్ధాలు రాయడు. రాసేంత తెలివి యాడిది వానికి?"

"అమ్మా, నువ్వూరుకో!"

"ఊరుకుంటే జైల్లో యేస్తారు గదరా!"

"జైలెవరన్నారమ్మా? ఎనిమిదింటికి నా చేత్తోనే కొలుస్తా. చుక్క లేకపోతే ఉద్యోగం పోతుంది, అంతే."

"అంతేనా!" అని మాబున్ని గోడకు ఆనుకుంది. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. మబ్బు తునక లేదు. కడప పెద్దదర్గాకు మొక్కుకుంది. మొక్కు చిన్నదైపోయిందేమోనని భయమేసి ఇంకోటి కలిపింది.

ఎనిమిదయింది. శ్రీపతి సీసా తీసి కొలతగ్లాసులోకి వంచాడు. వంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"రెండు సెంట్లు!"

దావూద్ ఊపిరి వదిలాడు.

"మంచయ్యా ఇది, మంచు!" శ్రీపతి గొంతు మారిపోయింది. "ఏటిగాలి ఈ కొండల మధ్య తెల్లారేసరికి చల్లబడి గరాటులో దిగుతోంది. ఢిల్లీలో ఎవరికీ తెలియని సంగతి. నిన్ను అనవసరంగా అనుమానించాను. ఉద్యోగం ఖాయం చేయమని ఇవాళే రాస్తా."

"అంటే జైలు లేనట్టేనా సారూ?" అంది మాబున్ని.

శ్రీపతి నవ్వాడు. గరాటును ఎత్తి ఎండలో తిప్పి చూశాడు. "ఎన్ని ఊళ్లు తిరిగానో! అన్నిచోట్లా దుమ్మూ, సాలెగూళ్లే. ఇంత తళతళలాడే గేజీని నేనెక్కడా చూడలేదు."

మాబున్ని మొహం విచ్చుకుంది. చెబుదామని నోటిదాకా వచ్చింది. గొప్పలు పోతోందని పెద్దాయన అనుకుంటాడేమోనని భయమేసి మింగేసింది.

రోజూ కోడి కూయగానే ఆ గరాటును చింతపండుతో తోమి, బిందెడు నీళ్లతో కడిగి, తడి ఆరకుండానే సీసా మీద పెట్టేది ఆమే.