పెద్ద గిన్నె

వంటింటికి ఏది అవసరమో, ఏది అటకెక్కుతుందో చెప్పడానికి చదువక్కర్లేదు. ముప్పై ఏళ్లు పొయ్యి ముందు నిలబడితే చాలు. అందుకే కొత్త కాపురానికి సామాను కొనడానికి అమ్మాయిని నేనే కొట్టుకు తీసుకెళ్లాను.

"ఇరవై నాలుగు వస్తువుల సెట్టమ్మా! మళ్లీ కొనక్కర్లేదు," అన్నాడు కొట్టాయన.

"అందులో ఇరవై అటక మీదే ముసలివైపోతాయి నాయనా."

"ఇలాంటి తల్లి వెంట వస్తే మా వ్యాపారం సాగినట్టే!" అని నవ్వాడు.

అడుగు మందంగా ఉన్న బాణలి తీశాను. పిడి పట్టు చూసి ఒక కత్తి, రెండు గరిటెలు తీశాను. మూత సరిగ్గా కూర్చునే గిన్నె కోసం నాలుగు తిప్పి చూసి, అన్నిటికన్నా పెద్దది బల్ల మీద పెట్టాను.

"ఇద్దరికి అంతదా?" అంది అమ్మాయి.

"మారు వడ్డించకపోతే వాడికి కడుపు నిండదే. నీకు తెలీదా ఏంటి?"

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "ఈయన కొంచెమే తింటారు అత్తయ్యా."

అప్పుడు గుర్తొచ్చింది. మారు అడిగేవాడు నా కొడుకు. వాడు పోయి మూడేళ్లయింది. వచ్చే వారం వాడి భార్యకి మళ్లీ పెళ్లి. కాళ్లావేళ్లా పడి ఒప్పించింది నేనే.

"ఈ పెళ్లి వద్దులే అత్తయ్యా, ఇంటికి పోదాం," అంది కళ్లనీళ్లతో.

"నోర్ముయ్యవే. కొంచెం తినేవాడికైనా వేడిగా వండిపెట్టాలిగా!" అని కసిరి, చిన్న గిన్నె తీయించాను.

పెద్దదాని మీద నుంచి నా చెయ్యి మాత్రం వెంటనే రాలేదు.