దగ్గు తగ్గే ఊరు

“పోదాం” అన్నాయి సదానందం పెదవులు.

“పోను” అన్నాయి వెంకవ్వ పెదవులు.

ఇద్దరి నడుమ సాంచాలు దడదడలాడుతున్నాయి. నాగావ్ షెడ్లలో మరమగ్గాలు నడుస్తుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. ఈ ఆలుమగలు పెళ్లయిన కొత్తలో సరసమాడుకున్నదీ, తర్వాత పోట్లాడుకున్నదీ అన్నీ అట్లాగే.

సదానందం ఛాతీ పట్టుకుని దగ్గాడు. ఆ దగ్గూ వినపడలేదు గానీ, వెంకవ్వ చేతిలోని నూలు కండెల గంప బరువెక్కింది.

ఇంటికొచ్చాక గొంతులు లేచాయి.

“పత్తి దుమ్ము లోపట పేరుకున్నదట. ఈ ఊరు ఇడిస్తెనే తగ్గుతదని డాక్టర్ సాబ్ అన్నడు.”

“అన్నడని నువ్వు చెప్తున్నవు. నన్ను తోల్కపోయినవా?”

“నువ్వొస్తే ఆడనే ఏడుస్తవని తోల్కపోలే.”

అదీ నిజమే. గల్లీలో పెట్టిన ఉచిత శిబిరంలో ఇద్దరూ ఛాతీ పరీక్ష చేయించుకున్నారు. ఫలితం వినడానికి మాత్రం సదానందం సెలవు మీద వచ్చిన బిడ్డ వనితను వెంటేసుకుని వెళ్లాడు. వచ్చి, “నాకే పట్టింది. నువ్వు గుండులెక్క ఉన్నవట” అన్నాడు. వెంకవ్వ ఆశ్చర్యపోలేదు. తన ఒంటి సంగతి తనకు తెలియదా? మెట్లెక్కితే ఆయాసం వస్తుందంటే అది మోకాళ్ల పాపం.

వనిత ఘాట్ మీద ఓ చిన్న కొండ ఊళ్లో నర్సు. ఎప్పటినుంచో “అవ్వా, నా దగ్గరికి రా” అని పోరుతూనే ఉంది. “నేనొస్తే ఈడ కండెలు ఎవలు చుడ్తరే” అని వెంకవ్వ కొట్టిపారేసేది. తనకోసమంటే ఆ మహాతల్లి గ్లాసెడు వేడినీళ్లు కూడా కాచుకోదు. మొగుడి కోసమంటే మాత్రం కాలు ఒకచోట నిలవదు.

ఆ సాయంత్రం వనిత ఫోన్‌లో ఊరంతా తిప్పి చూపించింది.

“ఇదిగో అవ్వా, తలావ్. మన వరాలా తలావ్ అంత పెద్దగ లేదు, గానీ పడవలున్నయ్. ఇది వాచనాలయ్, బాపు ఫుకట్ల పేపర్ చూడొచ్చు. ఇది బాగ్. బాపుకు ఈడనే చెట్లకు నీళ్లు పోసే మాలీ పని అడిగిన. గిది సమాజ్ మందిర్, ఆడోళ్లు కూసోని గోధడీలు, గవే బొంతలు, కుడ్తరు. ఇట్ల పోతే సన్‌సెట్ పాయింట్.”

“పొద్దు గూకుడు చూడనీకి గుట్ట ఎక్కాల్నా? మన గైబీ నగర్ల పొద్దు గూకదా?”

సదానందం దగ్గాడు.

“ఆడ సాంచాల సప్పుడు ఇనొస్తదా బిడ్డా?” అనడిగింది వెంకవ్వ.

“అస్సలు రాదు. ఏక్‌దమ్ శాంత్.”

“మరి నిద్రెట్ల పడ్తది?”

సదానందం మళ్లీ దగ్గాడు, ఈసారి గోడ పట్టుకుని. వెంకవ్వ కండెలు చుట్టే రాట్నాన్ని ఊరికే ఒకసారి తిప్పింది. ఆ రాట్నం మీదే వనితను పెంచింది. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“నీ దగ్గు తగ్గినంక మర్లొస్త. ముందే చెప్తున్న.”

“నీ ఇష్టం.”

రాట్నాన్ని పక్కింటి దుర్గవ్వకు అప్పగించి, “ఎవలకియ్యకు, మల్ల నేనే తిప్పుత” అని మరీ చెప్పి బస్సెక్కింది.

కొండ ఊళ్లో మొదట్లో నిశ్శబ్దం ఆమెను తినేసింది. నిద్ర రాక అటూ ఇటూ దొర్లుతుంటే సదానందం రేకుపెట్టె మీద వేళ్లతో టకటకమని సాంచా దరువు వేసేవాడు. ఆ దరువు మీద ఆమె కళ్లు మూతపడేవి. దగ్గేవాడు పడుకోవాలి గానీ తనను పడుకోబెట్టడమేమిటని పొద్దున్నే తిట్టేది.

ఇంట్లో ఒకరికి జబ్బుంటే రెండోవాళ్లూ మందు మింగాలని వనిత ఇద్దరికీ మాత్రలు తెచ్చేది. వెంకవ్వ అక్కడికక్కడే మింగేది. సదానందం మాత్రం ఎండలో నిలబడి మింగితే మంచిదని పెరట్లోకి పోయేవాడు. టీవీలో క్రికెట్ వస్తున్నంతసేపూ ఆయనకు దగ్గు రాకపోవడం చూసి, మందు పనిచేస్తోందని వెంకవ్వ సంబరపడేది.

మెల్లగా ఆ ఊరు ఆమెను కలుపుకుంది. సమాజ్ మందిరంలో యమునాబాయి పక్కన కూర్చుని గోధడీ కుట్టడం నేర్చింది. సంతలో మరాఠీలో బేరమాడి గెలిచింది. సన్‌సెట్ పాయింట్‌కు మొదటిసారి నాలుగుచోట్ల కూర్చుని ఎక్కినది, చలికాలం వెళ్లేసరికి మొగుణ్ని వెనకేసి గబగబా ఎక్కేస్తోంది. పైనుంచి తిరిగి చూస్తే ఆయన కింద చెట్టును పట్టుకుని దగ్గుతుండేవాడు. ఆమె ప్రాణం ఉసూరుమనేది.

“దేవుడా, నాకిచ్చిన ఊపిరిల సగం ఆయనకియ్యి” అని ప్రతిసారీ మొక్కేది.

ఆ రోజు దవాఖానలో డాక్టరు ఇద్దరికీ మళ్లీ పరీక్షలు చేశాడు. ముందుగా అయిపోయిన వెంకవ్వను వనిత బయట ఎండలో బెంచీ మీద కూర్చోబెట్టి, అద్దాల తలుపు మూసి లోపలికెళ్లింది. డాక్టరు ఏదో చెప్పి వెళ్లిపోయాడు. వనిత కళ్లు తుడుచుకుంది.  వెంకవ్వ లేచి తలుపు దాకా వెళ్లింది గానీ తీయడానికి చెయ్యి రాలేదు.

మందపాటి అద్దం. ఒక్క మాటా బయటికి రావడం లేదు. సదానందం ముఖం మాత్రం సరిగ్గా ఇటువైపే ఉంది. ఆయనా ఏడుస్తున్నాడు. ఏడుస్తూ బిడ్డ భుజం మీద చెయ్యేసి మెల్లగా చెబుతున్నాడు. ఎన్నో ఏళ్లు సాంచాల మధ్య చదివిన ఆ పెదవులను వెంకవ్వ ఒక్కో మాటా చదివింది.

“మీ అవ్వకు నయమైంది గద బిడ్డా, ఇగ నేను దగ్గుడు బంద్ చేస్త.”