ఎడమ పెట్టె

ఇలా దగ్గరికి జరుగు, ఆ దిండు పక్కన పెట్టి కూర్చో. గొంతు చించుకుని చెప్పే కథ కాదిది.

"నా పెట్టె గుండె కోసుకెళ్ళావు కదరా," అన్నాడు గడియారాలు బాగుచేసే ఆయన, అందరి ముందూ. అన్నది పరాయివాణ్ణా? కాదు. స్వయానా భార్య తమ్ముణ్ణి. ఆ తమ్ముడు రేడియో మెకానిక్. పాపం, నోటిదాకా వచ్చిన టీ కప్పు అక్కడే ఆగిపోయింది.

పెట్టెలంటే పాటలు వినే స్పీకర్లు. నడుమెత్తున ఉంటాయి, చెక్కవి, జంట. పేరున్న కంపెనీవి కావని షాపువాడు మూలన పడేస్తే ఏ ముగ్గురో నలుగురో కొనుక్కున్నారు. కొన్నవాళ్ళకి మాత్రం అవంటే ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం ఈయన ముందుగదిలో చేరి ఎవరి పెట్టెల గొప్ప వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పాడే మనిషి గుటక మింగడం కూడా తెలుస్తుందనేవాడు లాండ్రీ ఆయన. డ్యూటీ దిగొచ్చి వాటి ముందు కూర్చుంటే ఎవరో తల నిమిరినట్టుంటుందనేది నర్సమ్మ. పేరులేని పెట్టెలే గానీ పెద్దింటి గొంతు అని మురిసిపోయేవాళ్ళు.

అందరికీ పెద్ద ఈ గడియారాలాయనే. మొహం మీదే "పాముచెవులు" అని పిలిచేవాళ్ళు. గడియారం చెవికి ఆనించుకుని లోపల ఏ చక్రానికి పన్ను అరిగిందో చెప్పేవాడు మరి. వాళ్ళలా పిలిచినప్పుడల్లా మీసాల కింద నవ్వుకునేవాడు. మనిషికి అంతకన్నా ఆస్తి లేదు.

ఈమధ్య ఎడమ పెట్టె నీరసపడిందన్నాడు. బావమరిది దాన్ని భుజాన మోసుకెళ్ళి, లోపల పాట పలికే కాగితం గిన్నెకి కొత్త అంచు అంటించి తెచ్చాడు. తెచ్చాక ఇంకా మూగబోయిందట. బావమరిదికీ అచ్చం అలాంటి జంటే ఉంది. ఇంకేముంది, తన పెట్టెలోని మేలైన గిన్నె వాడి పెట్టెలోకి పోయింది, వాడి అరిగిపోయిన గిన్నె తన పెట్టెలోకి వచ్చింది, అని తేల్చేశాడు.

మీరే వినండని పాట పెట్టాడు. లాండ్రీ ఆయన విని నర్సమ్మ మొహం చూశాడు. నర్సమ్మ గోడకేసి చూసింది. అవునవును, ఎడమది కాస్త గొంతు పట్టేసినట్టుంది అన్నారిద్దరూ. పాముచెవులు కాదన్నాక ఔననే చెవి ఆ గదిలో ఎవరికుంది?

మెకానిక్ ఒట్లు పెట్టుకున్నాడు. వైర్లు అటువి ఇటు మార్చి చూపిస్తానన్నాడు. ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందన్నాడు బావ, అని కుర్చీలో మొహం ముడుచుకుని కూర్చున్నాడు. పాట నడుస్తూనే ఉంది. మెకానిక్ ఎడమ పెట్టె దగ్గర్నుంచి వచ్చి, కుర్చీ పక్కన వంగి, బావ చెవిలో ఏదో అన్నాడు. బావ ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ అన్నాడు. రాయికి చెప్పినట్టే ఉంది. కడుపు మండినవాడికి మాటలెక్కడ ఎక్కుతాయిలే అనుకున్నారు చూసేవాళ్ళు.

మెకానిక్ కాసేపు బావ పక్కనే అలా వంగి ఉండిపోయాడు. తర్వాత లేచి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నేనే మార్చాను బావా."

"ఏంట్రా అన్నావు?" అంది వాళ్ళక్క వాకిట్లోంచి.

"మార్చానక్కా. ఆశపడ్డాను."

బావ అరవలేదు. అరిచినా బాగుండేది. "అడిగితే జంట మొత్తం ఇచ్చేవాణ్ణి కదరా," అన్నాడు. "నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకుని పాట వినడం నేర్పాను. అడక్కుండా సగం పట్టుకుపోయావు. ఇంక ఈ గడప తొక్కకు."

అక్క తమ్ముడి చేతిలోంచి కప్పు లాక్కుని, మిగిలిన టీ మెట్ల మీద పారబోసింది. తోడబుట్టినవాడే ఇంటికి కన్నం వేస్తే ఆడది తలెక్కడ పెట్టుకుంటుంది? వాడు చెప్పులేసుకుంటూ, బావని రోడ్డు మీద ఒంటరిగా పంపకు అక్కా, అన్నాడు. చేసిన దొంగపనికి తోడు నంగనాచి మాటలొకటి అని తలుపు మొహం మీదే వేసేసింది.

లాండ్రీ ఆయన, నర్సమ్మ పిల్లుల్లా జారుకున్నారు. ఇల్లు చిన్నబోయింది. లోపల ఆవిడ ముక్కు చీదుకుంటోంది. ఆయనకి ఆ పెట్టెల మొహం చూడబుద్ధి కాలేదు. కుర్చీ ఎత్తి అటు తిప్పేసి, పెట్టెలకి వీపు పెట్టి, కిటికీకేసి కూర్చున్నాడు. పాట ఆపాలని కూడా తోచలేదు.

వీపు వెనక ఎడమ పెట్టె గొంతు విప్పింది.

నిండుగా పాడుతోంది, గుటకతో సహా. మూగబోయింది ఈసారి కుడి పెట్టె. గిరుక్కున తిరిగాడు. ఎడమది మూగ. మళ్ళీ వీపు పెట్టాడు. ఎడమదే పాడింది.

చేతి గడియారం విప్పి కుడి చెవికి ఆనించుకున్నాడు. నడుస్తోంది. ఎడమ చెవికి ఆనించుకున్నాడు. ఆగిపోయింది.

ఇదీ సంగతి. మనసులో పెట్టుకో, నీ వాళ్ళకీ చెప్పు. ఎలాగైనా చెప్పుకో గానీ ఒక్క ముక్క మాత్రం మరిచిపోకు. ఆ బావమరిది వంగి, బావ ఎడమ చెవిలో రెండుసార్లు అడిగింది ఒకటే: "నా మాట వినపడుతోందా బావా?"