చుక్కలు పడని తెర

"కూర్చోండి. పనయ్యాక నేనే తీస్తాను," అంటూ ఇంటాయన వీధి తలుపుకి లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

కంప్యూటర్ మెకానిక్‌కి ఈ పద్ధతి కొత్త. అయినా హాలు మూల బల్ల ముందు కూర్చుని సంచి విప్పాడు.

"ఏమైంది సార్ దీనికి?"

"మా ఆవిడ దుమ్ము తుడుస్తూ ఏదో నొక్కేసింది. అప్పట్నుంచి నీలం తెర తప్ప ఇంకేం రావట్లేదు."

వంటగది గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు తల దించుకుంది.

"కాస్త కిటికీ తీయొచ్చా సార్? ఉక్కగా ఉంది."

"దుమ్మొస్తుంది."

మెకానిక్ కిటికీ వైపు చూశాడు. రెక్కలు కదలకుండా మేకులు కొట్టి ఉన్నాయి. ఆ ఇంట్లో దుమ్మన్న జాడే లేదు.

"పాత సిస్టమ్ మళ్లీ వేయాలంటే కొనాలి సార్."

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది. ఏదో ఉచిత సిస్టమ్ ఉందట. పేపర్లో పడిందని ఈవిడే చదివి వినిపించింది. అంత వార్తలో తనకి ఉచితం అన్న ముక్క ఒక్కటే అర్థమై ఉంటుంది."

"మంచిదే సార్ అది. తయారుచేసినవాళ్లు అందరికీ వదిలేశారు. స్కూళ్లు, లైబ్రరీలు, చిన్న ఆఫీసులు ఎప్పట్నుంచో వాడుతున్నాయి. ఇందులో మీ ఫైళ్లేమైనా ఉన్నాయా?"

"నావన్నీ ఆఫీసులోనే ఉన్నాయి. తుడిచేయండి."

మెకానిక్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. పాతదంతా తుడుచుకుపోయి కొత్త సిస్టమ్ ఎక్కసాగింది. ఇంటాయన కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చున్నాడు. మెకానిక్‌కి మోచెయ్యి కదపడానికి కూడా చోటు మిగల్లేదు.

"ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చేయండి సార్. మీరు లేనప్పుడైతే అమ్మగారు చేసినా..."

"తనకి ఫోన్ లేదు."

ఇంట్లో ఫ్రిజ్ లేదన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట. తర్వాత సొరుగులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"చివర్లో ఇది కూడా ఎక్కించండి. దీని మీద ఎవరు ఏ అక్షరం కొట్టినా నా ఫోన్‌లో పడుతుంది. పోయిన నెల, వచ్చి తీసుకెళ్లమని వాళ్లక్కకి రాయబోయింది. ఆ ఉత్తరం పంపేలోపే నేను ఇంట్లో ఉన్నాను." చిన్నగా నవ్వాడు. "ఫోన్ తీసేసుకున్నది కూడా ఆ రోజే."

మెకానిక్ ఆ పెన్‌డ్రైవ్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పాత సిస్టమ్ కోసం చేసింది సార్. ఇందులో నడవదు."

"అయితే పాతదే పెట్టండి."

"తుడిచేశాను కదా సార్. ఇప్పుడు కొనాల్సిందే."

ఇంటాయన దవడ బిగుసుకుంది. భార్య వైపు చూశాడు. ఆవిడ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తోంది.

"సరే. నేను లేనప్పుడు ఇది తెరుచుకోకూడదు. దానికి దారుందా?"

"మీకొక్కరికే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టుకుంటే చాలు సార్."

అనేశాక మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. ఆ ఇంటికి ఇంకో తాళం తనే చేసిచ్చినట్టయింది.

నల్ల తెర మీద పాస్‌వర్డ్ కొట్టాల్సిన చోటు వచ్చింది. ఇంటాయన ఒక అక్షరం నొక్కి ఆగాడు. మళ్లీ నొక్కాడు.

"కీబోర్డు పోయిందా? ఏమీ పడట్లేదు."

"పడదు సార్. ఈ నల్ల తెర మీద పాస్‌వర్డ్ కొడితే చుక్కలు కూడా కనబడవు. మొదటిసారి చూసినవాళ్లందరూ ఇక్కడే ఆగిపోతారు. మీరు కొట్టుకుంటూ పోండి."

మెకానిక్ మర్యాదకి మొహం తిప్పుకున్నాడు. ఇంటాయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొట్టాడు. సరిచూడ్డానికి సిస్టమ్ రెండోసారి అడిగితే మళ్లీ అలాగే కొట్టాడు. ఇల్లాలు మంచినీళ్ల గ్లాసుతో వచ్చి బల్ల పక్కన నిలబడి ఉంది.

"నువ్వు చూసి చేసేదేముంది?" అని ఆవిణ్ణి కసిరి, మెకానిక్ వైపు తిరిగాడు. "పెళ్లికి ముందు లైబ్రరీ కౌంటర్లో కూర్చునేది లెండి. పుస్తకాలకి ముద్రలు కొట్టే ఉద్యోగం. తనకి ఇవన్నీ ఎక్కడ ఎక్కుతాయి?"

ఆవిడ నవ్వలేదు, నొచ్చుకోలేదు. గ్లాసు అక్కడ పెట్టి పక్కకి జరిగింది.

ఇంటాయన ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి కాబోలు, లేచి బాల్కనీలోకి వెళ్లి అద్దం తలుపు లాగేసుకున్నాడు.

మెకానిక్ గొంతు తగ్గించాడు. "అమ్మా, మీ అక్కగారి నంబరు చెప్పండి. బయటికెళ్లాక నేను చేస్తాను."

"వద్దు బాబూ. మీరొచ్చారు, అదే చాలు. పని కానివ్వండి."

మరీ ఇంత భయపడిపోయిందేమిటి ఈవిడ అనుకున్నాడు మెకానిక్. ఇక ఒత్తిడి చేయలేకపోయాడు. మిగిలింది ప్రింటరు ఒక్కటే. దాన్ని కలపబోతే నల్ల తెర మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది.

"సార్‌ని పిలుస్తారా అమ్మా? ఆయన కొడితేగానీ ఇది ముందుకెళ్లదు."

ఆవిడ బాల్కనీ వైపు చూసింది. అద్దం అవతల ఆయన వీపు కనబడుతోంది. తడి చేతులు తుడుచుకుని, కీబోర్డు తన వైపు లాక్కుంది.

తెర మీద ఒక్క చుక్కా పడలేదు.

ఆవిడ వేళ్లు ఎక్కడా ఆగలేదు.